నలభై ఒకటిలో సగం నీళ్ళు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాటతో మొదలుపెట్టినవాళ్ళంతా నాలుగో పేరాకల్లా దెయ్యాన్ని చూసేస్తారని నాకూ తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను, నేను దెయ్యాన్ని చూడలేదు. తెల్లచీర లేదు, గజ్జెల చప్పుడు లేదు, అమావాస్య అసలే కాదు. నేను చూసింది నీళ్ళు. పట్టపగలు, పదకొండు గంటల టీ టైములో, పక్కన ఇంకో మనిషి ఉండగా చూశాను.

మా సంఘంలో దయ్యాలు వెళ్ళగొట్టే ప్రార్థన పెడితే వెనక కుర్చీలో కూర్చొని వాచీ చూసుకునే మనిషిని నేను. పాస్టరమ్మ గారికి కూడా ఆ సంగతి తెలుసు. నా ఉద్యోగమూ అలాంటిదే. వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌ని. అతుకు పైకి ఎంత నున్నగా కనిపించినా, రంగు పూసి చూసి, మిషన్ పెట్టి చూసి, లోపల పగులు లేదని తేలాకే సంతకం పెడతాను. "ఎస్తేరు మేడం కండ్లతోని సూసింది గూడ నమ్మది" అని షాపులో వెక్కిరిస్తారు. వెక్కిరించనీండి. నేను సంతకం పెట్టిన ట్యాంకు ఇంతవరకూ ఒక్కటీ కారలేదు.

పటాన్‌చెరు నుంచి లక్డారం వెళ్ళే దారిలో ఉంటుంది మా షాపు. మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు చేస్తాం. పోయిన ఏప్రిల్‌లో అక్కడికి ఒక రైలింజిన్ వచ్చింది. సంగారెడ్డి వైపు హైవే మీద కొత్తగా కడుతున్న ఒక రిసార్టు వాళ్ళు దాన్ని వేలంలో కొన్నారట. తుప్పు గీకి, రంగు వేసి, పిల్లలు ఎక్కి దిగడానికి మెట్లూ రెయిలింగూ అతికి ఇవ్వడం మా పని. పెద్ద ట్రైలర్ మీద అది వస్తుంటే ముత్తంగి దగ్గర గంటసేపు ట్రాఫిక్ ఆగిపోయింది. జనం బళ్ళు దిగి సెల్ఫీలు తీసుకున్నారు.

దూరం నుంచే గుర్తుపట్టాను. తూటాలా ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి ముక్కు, ఆ ముక్కు మీద నక్షత్రం. డబ్ల్యూపీ. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజు, పీ అంటే పాసింజరు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మొదటివి అమెరికా నుంచి ఓడల్లో దిగాయి. తర్వాత ఇంకొన్ని దేశాలు చేసి పంపాయి, ఆఖరికి మనమే చిత్తరంజన్‌లో చేసుకున్నాం. మన నాసిరకం బొగ్గుకు సరిపోయేలా వెడల్పాటి ఫైర్‌బాక్స్, అంటే బొగ్గు మండే పొయ్యి, పెట్టారు. దేశంలో పేరున్న మెయిళ్ళు, ఎక్స్‌ప్రెస్‌లు చాలా ఏళ్ళు వీటి వెనకాలే పరిగెత్తాయి. డీజిలు వచ్చాక మెయిళ్ళ నుంచి పాసింజర్లకు దిగాయి, పాసింజర్ల నుంచి తుక్కుకు దిగాయి.

ఇదంతా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అన్నం ముద్దతో పాటు మింగిన చరిత్ర ఇది. మా నాన్న దేవదానం, డబ్ల్యూపీ మీద ఫస్ట్ ఫైర్‌మన్.

ఫైర్‌మన్ పని బొగ్గు వేయడం ఒక్కటే అనుకుంటారు అందరూ. బొగ్గు కన్నా నీళ్ళు ముఖ్యం. డ్రైవరూ ఫైర్‌మనూ నిలబడే క్యాబులో, వాళ్ళ కళ్ళ ముందు, బాయిలర్‌కు కుడివైపొకటి, ఎడమవైపొకటి నిలువుగా గాజు గొట్టాలుంటాయి. బాయిలర్‌లో ఎన్ని నీళ్ళున్నాయో వాటిలో కనిపిస్తుంది. నాన్న వాళ్ళ ఇంజిన్ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఫైర్‌మన్ గాజు చూసి "సగం" అని కేక వేయాలి. డ్రైవరు కూడా చూసి "సగం" అని తిరిగి అనాలి. రెండో మనిషి అనేదాకా మొదటి మనిషి అక్కణ్ణుంచి కదలకూడదు.

ఆ అలవాటు మా ఇంట్లోకి కూడా వచ్చింది. డ్రమ్ముకు నీళ్ళు పడుతూ నాన్న పెరట్లోంచి "సగం!" అని అరిచేవాడు. వంటింట్లోంచి అమ్మ "సగం!" అనాలి. ఆమె అనకపోతే డ్రమ్ము పొంగినా నల్లా దగ్గరే నిలబడేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అమ్మ పోయి ఆరేళ్ళయింది. నాన్న ఇప్పుడు అమీన్‌పూర్‌లో నా దగ్గరే ఉంటున్నాడు, మోటారు ట్యాంకు కాబట్టి కేక వేసే పని లేదు.

ఇక అసలు సంగతి. బొగ్గు ఇంజిన్ల ఆఖరి రోజుల్లో మా నాన్న ఇంజిన్‌లో లెడ్ ప్లగ్ కరిగింది. ఫైర్‌బాక్స్ పైకప్పు మీద ఎప్పుడూ నీళ్ళుండాలి. నీళ్ళు తగ్గితే ఆ కప్పు కాలుతుంది, అందులో బిగించిన సీసం బిరడా కరిగి, ఆవిరి నిప్పు మీద పడి ఆర్పేస్తుంది. ప్రాణాలు కాపాడే ఏర్పాటే అది. ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ప్లగ్ కరిగిందంటే నీళ్ళు చూసుకోలేదని అర్థం, ఫైర్‌మన్‌కు అంతకు మించిన అవమానం లేదు.

నాన్న ఆ కథ ఎప్పుడు చెప్పినా ఒకే మాటల్లో చెబుతాడు. "ఎడమ గ్లాసు ముందు రోజే పలిగింది, మూసేసిన్రు. కుడి గ్లాసు కొత్తది ఏసిచ్చిన్రు. అది సగం సూపెట్టింది. నేను సగం అన్న. డ్రైవర్ సాబ్ సగం అన్నడు. కింది కాక్ ఇప్పి నీళ్లు వదిలి గూడ సూసిన, మళ్ల సగమే వచ్చింది. పావుగంటకు ప్లగ్గు కరిగింది. నేను నిద్రపోలే."

విచారణలో గాజు విప్పి చూడమని బతిమాలాడట. ఎవరూ విప్పలేదు. డ్రైవరు కొన్నాళ్ళకు రిటైరై కన్నుమూశాడు. నాన్నను ఇంజిన్ దింపి, చక్రాలు జారకుండా పట్టాల మీద చల్లే ఇసుకను షెడ్డులో ఎండబెట్టే పనిలో వేశారు. ఉద్యోగం అయిపోయేదాకా ఆ ఇసుకే. తర్వాత రైల్వే పాస్ చేతిలో ఉన్నా నాన్న రైలెక్కలేదు. నా పెళ్ళికి కూడా బస్సులోనే వచ్చాడు. షెడ్డు పేరు చెప్పను, అడగొద్దు.

నిప్పు లేనిదే పొగ రాదని క్వార్టర్స్‌లో చెవులు కొరుక్కునేవాళ్ళు. నేనూ, నిజం చెప్పాలంటే, నాన్నను పూర్తిగా నమ్మలేదు. అలసిపోయి ఒక్క నిమిషం కన్ను మూసి ఉంటాడు, ఒప్పుకోలేక గాజు మీదికి నెట్టి ఉంటాడు అనుకునేదాన్ని. పైకి ఎప్పుడూ అనలేదు. అనకపోయినా ఆయనకు తెలుసు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

షాపుకు వచ్చిన ఇంజిన్ నంబరు చివర నలభై ఒకటి ఉంది. నాన్న నోట వెయ్యిసార్లు విన్న నంబరు. ఆ ఇంజినే. ప్లగ్ కరిగిన రోజు తర్వాత దానికి మళ్ళీ నిప్పు పెట్టలేదు. ఏదో యార్డు మూలకు లాగి వదిలేశారు, అక్కణ్ణుంచి ఇన్నేళ్ళకు తిన్నగా నా ముందుకొచ్చింది. ఇందులో వింతేమీ లేదు. పాత ఇనుము ఎటు తిరిగినా ఆఖరికి పటాన్‌చెరు చేరాల్సిందే.

రిసార్టు మేనేజరు వారానికోసారి వచ్చేవాడు. ఇంజిన్ పక్కన పెట్టడానికి తెలుగులో ఒక చరిత్ర బోర్డు కావాలన్నాడు. మా ఫోర్‌మన్ సత్తయ్య నన్ను చూపించాడు, రైలు సంగతులు తెలిసినదాన్నని. సరేనన్నాను. అప్పుడు మేనేజరు ఇంజిన్‌తో వచ్చిన పాత ఫైలు జిరాక్సు తీసి, ఆఖరి పేజీ మీద వేలు పెట్టాడు. సిబ్బంది నిర్లక్ష్యం వల్ల నీటిమట్టం తగ్గి ప్లగ్ కరిగింది. కుడి గేజి గాజు పగలలేదు, బాగానే ఉంది. కింద నాన్న పేరు.

"హెడ్డింగు నేను ఆలోచించేశానండీ మేడం. సిబ్బంది నిద్రమత్తుకు బలైన రైలురాణి. ఎలా ఉంది?" అన్నాడు.

"నిద్రపోయారని ఇందులో ఎక్కడుంది?"

"నిర్లక్ష్యం అంటే అదే కదండీ. జనం ఆగి చదవాలంటే కొంచెం మసాలా ఉండాలి. సోమవారానికి మ్యాటర్ ఇచ్చేయండి."

ఆయన మా నాన్న అని నేను చెప్పలేదు. చెబితే ఏం వస్తుంది, కూతురు కాబట్టి అలాగే అంటుంది అంటాడు. సోమవారంలోగా నా చేతిలో ఏదో ఒక రుజువుండాలి, లేదంటే మా నాన్న నిద్ర, ఇంజిన్ మీది నక్షత్రం పక్కన, లైట్ల మధ్య వెలుగుతుంది. పిల్లలు ఐస్‌క్రీం తింటూ చదువుతారు.

గురువారం పదకొండింటికి రెయిలింగు కొలతల కోసం క్యాబులోకి ఎక్కాను. అందరూ టీకి వెళ్ళారు. కంప్రెసర్ ఆపేశారు, సుత్తుల చప్పుడు లేదు. కుడివైపు గాజు గొట్టం ఇంకా ఉంది, దాని చుట్టూ ఉండే మందపాటి గాజు పెట్టె వల్ల పగలకుండా నిలిచింది. పైన నూనె మురికి. వేస్టు గుడ్డతో తుడిచాను.

గొట్టం వెనక తెల్ల రేకు మీద ఏటవాలు నల్లగీతలుంటాయి. ఖాళీ గొట్టంలోంచి చూస్తే గీతలు ఎలా ఉన్నాయో అలాగే కనిపిస్తాయి. నీళ్ళుంటే ఎదురు వాలుకు తిరిగి కనిపిస్తాయి. దూరం నుంచి కూడా మట్టం తెలియడానికి ఆ ఏర్పాటు. పై సగంలో గీతలు మామూలుగా ఉన్నాయి. కింది సగంలో తిరిగి ఉన్నాయి. గొట్టంలో సరిగ్గా సగానికి నీళ్ళున్నాయి.

పైగా అవి ఊగుతున్నాయి. పరిగెత్తే ఇంజిన్‌లో నీళ్ళు వేలెడు పైకీ కిందికీ ఊగుతాయని నాన్న చెప్పేవాడు. ఇంజిన్ చెక్క దిమ్మెల మీద కదలకుండా ఉంది.

ఇప్పుడు మీరు ఏమంటారో నాకు తెలుసు. వాన నీళ్ళు అంటారు. ఏప్రిల్ నెల, పటాన్‌చెరులో వాన పడి నెలలయింది. బాయిలర్‌లో మిగిలిన నీళ్ళు అంటారు. బరువు తగ్గించడానికి లోపలి గొట్టాలన్నీ మా వాళ్ళే కోసి తీశారు. ముందు తలుపు తెరిస్తే అటు చివర ఫైర్‌బాక్స్ దాకా వెలుతురు కనిపిస్తుంది, ప్లగ్ ఉండాల్సిన చోట చిల్లు ఉంది. ఆ బాయిలర్‌లో గుక్కెడు నీళ్ళు కూడా నిలవవు. ఎండ దెబ్బ అంటారా, షెడ్డు నీడలో ఉన్నాను, టిఫిను కూడా తిన్నాను.

కిందికి వంగి సత్తయ్యను పిలిచాను. టీ గ్లాసుతోనే ఎక్కాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గొట్టం వైపు చూసి టీ తాగడం ఆపాడు.

"ఇదేంది మేడం, నీళ్లెట్లొచ్చినయి? బాయిలర్ల ఏం లేదాయె."

"సత్తన్నా, జెర కింది కాక్ తిప్పు."

తిప్పాడు. గొట్టంలోని నీళ్ళు బయటికి పోవడానికి ఉన్న కాక్ అది. పూర్తిగా తెరుచుకుంది. "ఇప్పిన. సుక్క పడ్తలే" అన్నాడు. గొట్టంలో మాత్రం సగం అలాగే ఉంది, ఊగుతూనే ఉంది. ఫోన్లో రెండు ఫోటోలు తీశాను. హూటర్ మోగి అందరూ పనిలోకి వచ్చేసరికి గీతలన్నీ ఒకే వాలులో ఉన్నాయి. ఎప్పుడు ఖాళీ అయిందో మేం చూడలేదు.

శుక్రవారం అదే సమయానికి సత్తయ్యను వెంటబెట్టుకుని మళ్ళీ ఎక్కాను. మళ్ళీ సగం. ఈసారి భయం కాదు, కోపం వచ్చింది. ఉన్న మాట ఉన్నట్టు చెబుతున్నాను. నీళ్ళు లేని బాయిలర్ మీద కూర్చుని సగం ఉన్నాయని నా కళ్ళలోకి చూసి చెబుతోంది ఆ గాజు. పైకి నున్నగా ఉన్న అతుకును నేను ఇంతవరకూ వదల్లేదు, దీన్ని ఎందుకు వదులుతాను? "పానా తీస్కరా సత్తన్నా, ఇప్పుదాం" అన్నాను.

"మేడం, దీన్ని గెలకకున్రి. ఏదన్న ఉంటే మనకెందుకు?"

"ఉంటే బయటికి రానీ. నేను ఈడ్నే ఉన్న."

కింది నట్టు విప్పడానికి అరగంట పట్టింది. గాజు గొట్టం బయటికి వచ్చింది. లోపల పొడి దుమ్ము, తడి లేదు. గొట్టం కింది అంచు దగ్గర నల్లగా ఏదో ఉంది. చిన్న స్క్రూడ్రైవర్‌తో గీకి తీశాను.

రబ్బరు వాషరు. ఒక్కటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు. గొట్టం ఉండాల్సిన దానికన్నా పొట్టిగా ఉంది. ఆ ఖాళీ పూడ్చడానికి రెండో వాషరు తొడిగారు. నట్టు బిగించేసరికి అది కిందికి నలిగి, గొట్టం మూతి మీదికి మడతపడి, నీళ్ళొచ్చే దారిని మూసేసింది. ఇన్నేళ్ళకు అక్కడే గట్టిపడిపోయింది. గుండుసూది పెట్టి చూశాను, దూరలేదు. కొత్తలో మెత్తగా ఉన్నప్పుడు, కాక్ తెరిస్తే తలుపులా కిందికి తెరుచుకుని ఉన్న నీళ్ళను వదిలేది, మూయగానే మళ్ళీ అడ్డంపడేది. పైనుంచి వచ్చే ఆవిరి చల్లబడి గొట్టంలో మళ్ళీ సగం దాకా నీళ్ళుగా నిలిచేది. బాయిలర్ ఎండిపోతున్నా గాజు సగం అనేది.

నాన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను క్యాబు నేల మీద కూర్చుని ఏడ్చాను. సత్తయ్య టీ తెస్తానని దిగి వెళ్ళి, చాలాసేపటిదాకా తేలేదు.

సాయంత్రం ఆ రెండు వాషర్లనూ నాన్న అరచేతిలో పెట్టాను. బొటనవేలి గోరుతో గీకి చూశాడు. "రెండేసిండు" అన్నాడు. "అప్పట్ల గ్లాసులు దొరకకపోతుండె. పొట్టిది దొరికితే రెండు వాషర్లేసి ఎక్కిస్తుండె. ఎవలు బిగించిండో వాని తప్పు గూడ కాదు." వాషర్లను మళ్ళీ తిప్పి చూసి, "ఇన్నేండ్లకు నువ్వెందుకు ఇప్పినవ్ బిడ్డా?" అని అడిగాడు.

చెప్పక తప్పలేదు. నీళ్ళ సంగతి చెప్పాను. ఎండ దెబ్బా అని అడగలేదు, భ్రమేమో అనలేదు.

"ఎంతుండె?"

"సగం."

"ఊగిందా?"

"ఊగింది నాయినా. నువ్ నమ్ముతున్నవా?"

"గ్లాసుల సగం కనవడితే సగం అనాలె. గంతకంటె ఫైర్‌మన్ ఏం జేస్తడు?" అన్నాడు. నేను తలెత్తి ఆయన మొహం చూడలేకపోయాను.

సోమవారం మేనేజరుకు రెండు కాగితాలిచ్చాను. ఒకటి బోర్డు మ్యాటరు. రెండోది ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, వాషర్ల ఫోటోలతో, నా సంతకం, స్టాంపుతో. గాజు కొలత, వాషర్లు, మూసుకుపోయిన దారి, అన్నీ రాశాను. గాజులో చూసిన నీళ్ళ సంగతి రాయలేదు. ఆ ఫారంలో దానికి గడి లేదు.

"ఇవన్నీ ఎవరు చదువుతారండీ? నా హెడ్డింగే ఉంచండి" అన్నాడు.

"ఉంచండి. దాని పక్కనే ఈ రిపోర్టు నేను తగిలిస్తాను. మీ ఫైల్లో పేరున్న ఫైర్‌మన్ మా నాన్న. బతికే ఉన్నాడు. ప్రారంభోత్సవానికి తీసుకొస్తాను, నిద్రపోయాడని ఆయన మొహం మీదే చెప్పండి."

మేనేజరు గొంతులో మసాలా దిగిపోయింది. బోర్డు నేను రాసినట్టే పడింది. ఆఖరి రెండు వాక్యాలు ఇవి: "దీన్ని నడిపినవారు నిద్రపోలేదు. నీళ్ళున్నాయని గాజు అబద్ధం చెప్పింది."

జూన్‌లో నాన్నను తీసుకెళ్ళాను. కొత్త రంగులో నలభై ఒకటి మెరిసిపోతోంది. బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. తర్వాత నా చెయ్యి వదిలించుకుని మెట్లెక్కాడు. నేను వెనకే ఎక్కాను. కుడివైపు కొత్త గొట్టం పెట్టించాను, సరైన కొలతకు, ఒక్క వాషరుతో. నాన్న కాక్ మీద చెయ్యి వేసి గీతలు చూశాడు. పైనుంచి కిందిదాకా అన్నీ ఒకే వాలు.

"ఖాళీ!" అని కేక వేశాడు. కింద ఫోటోలు తీసుకుంటున్నవాళ్ళు తలెత్తి చూశారు.

కేక వేసి అలాగే నిలబడ్డాడు. చెయ్యి తీయడు, కదలడు. దేనికోసం ఆగాడో నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ముందుకు వంగి గాజు చూశాను.

"ఖాళీ" అన్నాను.

అప్పుడు చెయ్యి తీశాడు. దిగుతూ, "వచ్చే ఆదివారం వరంగల్ల మీ మేనత్త తాన్కి పోదాం. లింగంపల్లిల రైలెక్కుదాం" అన్నాడు. వెళ్ళాం. కిటికీ దగ్గర కూర్చుని దారంతా పల్లీలు తిన్నాడు.

గురువారం తీసిన ఆ నీళ్ళ ఫోటోలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి. గాజు మీద మురికి అన్నవాళ్ళున్నారు, వెలుతురు వంపు అన్నవాళ్ళున్నారు. పాస్టరమ్మ గారు ప్రార్థన చేద్దాం అన్నారు. సత్తయ్య మాత్రం ఆ మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. ఎండిన బాయిలర్ మీద ఆ నీళ్ళు ఎలా వచ్చాయో, ఎటు పోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా తేలలేదు. నమ్మమని ఎవర్నీ బతిమాలను, మా నాన్న బతిమాలింది చాలు. నాకు కనిపించింది సగం. ఎవరడిగినా సగమనే చెబుతాను.